నిప్పుకొండ పేరు చెప్పి సంబంధం చెడగొట్టకండి



పోస్టు పొడుగ్గా ఉంటుంది. తీరిక దొరికినప్పుడు చదవండి. చదవకుండా చేతులు జోడించిన బొమ్మ మాత్రం పెట్టొద్దు. ఆ బొమ్మలు చూసీ చూసీ నాకు విసుగొచ్చింది.

పోయిన నెల మన గుంపులో ఒక వీడియో తిరిగింది, గుర్తుందా? కొండ మీదినుంచి ఎర్రగా నిప్పు కారుతోంది, వెనకాల భయం పుట్టించే సంగీతం. కింద రాత: "అండమాన్‌లో అగ్నిపర్వతం బద్దలైంది, చెన్నైకి సునామీ గండం, 48 గంటలు జాగ్రత్త." నాకు తొమ్మిది మంది పంపినారు. అందులో ముగ్గురు మన కమిటీ వాళ్ళే. మూలకడై నుంచి ఒక చెల్లెలు ఫోను చేసి, "అన్నా, బ్యాంకు లాకర్లో నగలుంటే నీళ్ళు పోతాయా?" అని అడిగింది. ఆ వీడియో నేను మూడుసార్లు చూసినాను. కొండ వెనక తెల్లగా మంచు ఉంది. అండమాన్‌లో మంచు! కొబ్బరి చెట్టు ఒక్కటి లేదు. ఏ దేశపు కొండనో తెచ్చి మన సముద్రంలో నిలబెట్టినారు.

48 గంటలు గడిచినాయి. 480 గంటలు కూడా గడిచినాయి. పంపినవాళ్ళలో ఒక్కరు కూడా "నేను తప్పు పంపినాను" అని రాయలేదు.

ఇంతటితో అయితే నవ్వి ఊరుకుందును. మన సభ్యుడొకరి అమ్మాయికి పోర్ట్ బ్లెయిర్‌లో సంబంధం కుదిరింది. 2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అయిందిగానీ, ఇన్నేళ్ళ అలవాటు, నేను పోర్ట్ బ్లెయిర్ అనే అంటాను. అబ్బాయి మనవాడే. తాత కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి పోయిన కుటుంబం. చదువుంది, ఉద్యోగముంది, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మధ్యలో మాట కలిపింది నేనే. తాంబూలాలకు రోజు చూసుకుంటూ ఉండగా ఈ వీడియో అమ్మాయి నాయనమ్మ ఫోనులోకి వెళ్ళింది. మరుసటి రోజే మాట వచ్చేసింది: "నిప్పుకొండ పక్కన మా పిల్లను ఇవ్వం." అబ్బాయి వాళ్ళమ్మ నాకు ఫోను చేసి, "అన్నయ్యా, మేము ఏం తప్పు చేసినాము?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. అందుకే ఈ పోస్టు.

నాయనమ్మ మీద నాకు కోపం లేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, కాశిమేడులో 2004 చూసిన మనిషి. నా కోపం పంపినవాళ్ళ మీద. "ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్" అని ఒక ముక్క పెట్టేస్తే తన బాధ్యత తీరిపోయిందనుకునే చదువుకున్నవాళ్ళ మీద.

ఇప్పుడు ఆ కొండ సంగతి. దాని పేరు బారెన్ దీవి. మన దేశంలో ఇప్పుడు నిప్పు కక్కుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఈశాన్యంగా 135, 140 కిలోమీటర్లు. "పక్కన" అంటున్నారే, లెక్క చెబుతాను వినండి: మన మాధవరం బస్టాండులో తిరుపతి బస్సెక్కితే ఎంత దూరమో, అంత. మధ్యలో ఉన్నది రోడ్డు కాదు, సముద్రం. తిరుపతి కొండ మీద నిప్పు అంటుకుంటే మాధవరంలో మన ఇల్లు కాలుతుందా?

ఆ దీవి అడ్డంగా మూడు కిలోమీటర్లు ఉంటుంది, అంతే. మధ్యలో రెండు కిలోమీటర్ల వెడల్పున పెద్ద గుంట, ఆ గుంటలో శంకువు ఆకారంలో ఒక కొండ. సముద్రమట్టం నుంచి 354 మీటర్లని పాత కొలత. మన పరంగిమలైలు నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. నీళ్ళ కింద మాత్రం ఇంకా రెండు కిలోమీటర్లకు పైగా ఒళ్ళుంది దానికి. పెద్ద గుంటకు పడమటి వైపు గోడ తెగి ఉంటుంది. లావా వచ్చినప్పుడల్లా ఆ తెగిన దారినే సముద్రంలోకి దిగుతుంది. మనిషి కాపురం లేదు. బ్రిటిష్ కాలంలో వదిలిపెట్టిన మేకల సంతతి మాత్రం ఉంది. 1991లో అంత నిప్పు కురిసినా ఆ మేకలు మిగిలినాయి. మేకలకున్న ధైర్యం మనకు లేకపోయింది.

నేను తమిళ మీడియంలో చదువుకున్నవాణ్ణి. మా బడి పుస్తకంలో దీన్ని "ఉరంగుం ఎరిమలై" అని రాసి ఉండేది, అంటే నిద్రపోతున్న అగ్నికొండ. అప్పటికి అది నిజమే. తరవాత అది నిద్ర లేచింది, నా పుస్తకం పాతబడింది. నేను రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి. ఏ సంగతి వచ్చినా తేదీ వేసి రిజిస్టరులో ఎక్కించందే నాకు నిద్ర పట్టదు. ఈ కొండకూ ఒక రిజిస్టరు వేసుకున్నాను.

మొదటి ఎంట్రీ 1787. ఆ ఏడు ఓడలో పోతూ కోల్‌బ్రూక్ అనే తెల్లదొర పొగను చూసి రాసిపెట్టినాడు. రెండేళ్ళకు, 1789లో, ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చూసినాడు. పోర్ట్ బ్లెయిర్‌కు పేరిచ్చిన బ్లెయిర్ ఆయనే. అంటే ఏమిటి? ఆ ఊరు పుట్టినప్పుడే కొండ మండుతూ ఉంది. మండే కొండను చూసి కూడా అక్కడ ఊరు కట్టినారు. 1795లో మళ్ళీ మండింది. 1803లో హార్స్‌బర్గ్ అనే నావికుడు, పది నిమిషాలకొకసారి పేలి నల్లటి పొగ ఎగజిమ్ముతోందని రాసినాడు. ఇలా 1832 వరకు సాగి ఆగిపోయింది.

ఆ తరవాత నూటయాభై ఏళ్ళకు పైగా నిద్ర. మధ్యలో వాలెంటైన్ బాల్, మాలెట్ వంటి జియలాజికల్ సర్వే దొరలు దీవికి వెళ్ళి కొలతలు తీసుకుని వచ్చినారు. ఆవిరి ఉంది, వేడి నీళ్ళున్నాయి, నిప్పు లేదు. నా బడి పుస్తకంలోని నిద్ర ఇదే.

1991 మార్చి చివర లేచింది. సుమారు ఆరు నెలలు మండింది. లావా సముద్రం దాకా వచ్చింది. దీని దెబ్బ ఎవరికి తగిలిందో తెలుసా? పక్షులకు. 1993 ఏప్రిల్‌లో వెళ్ళి చూసిన బృందానికి, ముందు లెక్కలో ఉన్న 16 జాతుల్లో 6 మాత్రమే కనబడినాయి. తరవాత 1994 చివర, 1995లో. తరవాత 2005 మే 28న మొదలైన విడత చాలా కాలం సాగింది. 2017 జనవరి 23న గోవా సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళు "సింధు సంకల్ప్" అనే ఓడలో అడుగు మట్టి తీసుకోవడానికి ఆ దగ్గరికి పోతే, ఉన్నట్టుండి బూడిద పైకి లేచింది. వాళ్ళు దూరంగా నిలబడి చూసినారు: ఒక్కో విడత ఐదు పది నిమిషాలు, పగలు బూడిద, పొద్దు గూకినాక ఎర్రటి నిప్పు. 1803లో హార్స్‌బర్గ్ రాసిందీ ఇంచుమించు అదే. రెండు వందల ఏళ్ళు దాటినా దాని అలవాటు మారలేదు. 2025 సెప్టెంబరు 13న ఒకసారి, 20న ఒకసారి వచ్చినవి కూడా అంతే, చిన్నవి. నౌకాదళం వాళ్ళు తీసిన అసలు వీడియో ఉంది, చూడండి. మంచు ఉండదు.

ఈ రిజిస్టరు మొత్తం తిరగేయండి. 1787 నుంచి 2025 దాకా 238 ఏళ్ళు. దీనివల్ల మన తీరానికి సునామీ వచ్చిన ఎంట్రీ ఒక్కటి చూపించండి, నేను సంఘం సభ్యత్వం వదిలేస్తాను.

"1991లో, 2005లో నువ్వు ఏం చేస్తున్నావు?" అని నన్ను నేనే అడుగుకున్నాను. మాధవరంలోనే ఉన్నాను. సెకండ్ షిఫ్టుకు పోయి వచ్చినాను. అన్నం తిని పడుకున్నాను. ఆరు నెలలు ఆ కొండ మండితే నాకు తెలియనే తెలియదు. మీకూ తెలియదు. అప్పుడు చేతిలో ఈ ఫోను లేదు కదా.

ఇక రెండో వాదం. మన పెద్దాయన ఒకరు, పేరు చెప్పను, గౌరవమున్న మనిషి, గుంపులో రాసినారు: సెప్టెంబరు 7న చంద్రగ్రహణం, 21న సూర్యగ్రహణం, మహాలయ అమావాస్య, రెండు గ్రహణాల మధ్య భూమి కడుపు మండింది అని. అయ్యా, గ్రహణాలు సుమారు ఆరు నెలలకొకసారి జంటగా వస్తూనే ఉంటాయి. 21నాటిది మన దేశంలో కనబడనే లేదు. 2017 జనవరి 23న ఏ గ్రహణం ఉందో పంచాంగం తీసి చెప్పండి. 1991లో ఆరు నెలలు మండితే ఆరు నెలలూ గ్రహణమేనా? పంచాంగం మీద నాకూ భక్తి ఉంది. మా మనవడి అక్షరాభ్యాసానికి మిమ్మల్నే ముహూర్తం అడిగినాను. ఈ సంగతికి మాత్రం పంచాంగం తేవద్దు.

మూడో వాదం కొంచెం బలమైనది, దాన్ని దాటెయ్యను. అమెరికాలో ఇంజినీరుగా ఉన్న మన తమ్ముడొకడు రాసినాడు: "పెద్దనాన్నా, అగ్నిపర్వతాల వల్ల సునామీలు వస్తాయి కదా, క్రకటోవా మరిచిపోయినారా?" మరిచిపోలేదు. 1883 ఆగస్టు 27న జావా, సుమత్రా మధ్య ఆ కొండ పేలి, ముప్పై ఆరు వేల మందికి పైగా చనిపోయినారు, ఎక్కువమంది అలల వల్లే. 2018 డిసెంబరు 22న అదే చోట కొత్తగా పెరిగిన కొండలో ఒక పక్క జారి సముద్రంలో పడితే మళ్ళీ అల లేచి నాలుగు వందల మందికి పైగా పోయినారు. చనిపోయినవాళ్ళు ఎక్కడివాళ్ళు? ఆ జలసంధికి అటూ ఇటూ ఒడ్డున ఉన్నవాళ్ళు. మన మద్రాసుకు 1883లో ఏం వచ్చింది? రేవులో నీటి మట్టం కొలిచే యంత్రంలో గీత కదిలింది. తరవాత సెప్టెంబరులో కొన్ని రోజులు సూర్యుడు ఆకుపచ్చగా కనబడినాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ప్రొఫెసరు మిచీ స్మిత్ దాన్ని పరిశీలించి రాసిపెట్టినాడు. ఊరంతా పచ్చ సూర్యుణ్ణి చూసి ముక్కున వేలేసుకుంది. అంత పెద్ద క్రకటోవాకే మనకు వచ్చింది ఇంత.

బారెన్ ముక్క జారితే? జారితే భయపడాల్సింది అండమాన్ తూర్పు ఒడ్డు, హావ్‌లాక్ వైపు వాళ్ళు. మనం కాదు. ఎందుకో తెలియాలంటే మ్యాపు చూడాలి. దయచేసి పిల్లల అట్లాసు ఒకసారి తెరవండి. బారెన్ దీవి అండమాన్‌కు తూర్పున ఉంది. మనం పడమర ఉన్నాము. మధ్యలో అండమాన్ దీవుల వరుస నిట్టనిలువుగా గోడలా ఉంది. ఆ గోడకు అవతల ఉన్న కొండ అది, ఇక్కడికి సుమారు 1,470 కిలోమీటర్లు. మరి 2004 డిసెంబరు 26న మనల్ని కొట్టింది ఎక్కడిది? గోడకు ఇవతలి పక్క, సముద్రం అడుగున, మన పలక వాళ్ళ పలక కిందికి దూరే గాడి. సుమత్రా నుంచి అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్ల పొడుగున ఆ గాడి ఒక్క పెట్టున జారింది. సముద్రం అడుగే పైకి లేచి నీళ్ళను ఎత్తి విసిరింది. మన వైపు అడ్డం ఏమీ లేదు.

అంటే మనకు శత్రువు కొండ కాదు, గాడి. కొండ ఆ గాడికి పుట్టిన బిడ్డ. లోపలికి దూరిన పలక సుమారు వంద కిలోమీటర్ల లోతుకు పోయినాక, దాంట్లో ఇమిడి ఉన్న నీరు బయటికి వచ్చి చుట్టూ ఉన్న రాయిని కరిగిస్తుంది. కరిగిన రాయి దారి చేసుకుని పైకి వస్తే బారెన్, నార్కొండం, కిందికి పోతే సుమత్రా కొండలు. కొండ మండుతోందంటే లోపల ఆ పని జరుగుతోందని అర్థం. అది లక్షల ఏళ్ళుగా జరుగుతూనే ఉంది. రేపు గాడి జారుతుందని ఆ మంట చెప్పదు. 2004కు ముందు డిసెంబరులో బారెన్ ఏమీ అనలేదు. అది లేచింది ఐదు నెలల తరవాత.

ఈ పోస్టులో నాకు ముఖ్యమైన మాట ఇక్కడుంది, కొంచెం ఆగి చదవండి.

2004 డిసెంబరు 26, ఆదివారం. భూకంపం మన గడియారంలో పొద్దున 6:28కి. అల మెరీనాకు వచ్చింది తొమ్మిది గంటల ప్రాంతంలో. మధ్యలో రెండున్నర గంటలు ఉన్నాయి. రెండున్నర గంటల్లో ఊరంతా నడిచి మాధవరం వచ్చేయవచ్చు. చెప్పేవాడు లేడు. తమిళనాడులోనే సుమారు ఎనిమిది వేల మంది పోయినారు. ఆ తరవాత డిసెంబరు 30న ఏమైందో మీలో ఎంతమందికి గుర్తుంది? విదేశంలో ఎవరో ప్రైవేటువాళ్ళు మళ్ళీ భూకంపం వస్తుందని జోస్యం చెబితే, అది మన ప్రభుత్వం దాకా పోయి హెచ్చరికగా బయటికొచ్చింది. తీరమంతా పరుగు. నాగపట్టణంలో శవాలు తీస్తున్నవాళ్ళు, అన్నం పెడుతున్నవాళ్ళు కూడా పని వదిలి పరుగెత్తినారు. మా ఆఫీసు ముందు రోడ్డు మీద జనం పిల్లల్ని చంకనేసుకుని పోవడం నేను కళ్ళారా చూసినాను. ఒక ముసలామె కుక్కర్ ఒక్కటే పట్టుకుని పోతోంది. ఏమీ రాలేదు. సాయంత్రానికి అందరూ వెనక్కి పోయినారు, కడుపులో అన్నం లేకుండా.

ఆ సిగ్గుతోనే హైదరాబాదులో ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టినారు, 2007 అక్టోబరులో. మన తెలుగు గడ్డ మీదే ఉంది, మన సంఘంలో ఎవరికీ ఆ పేరు తెలియదు. భూకంపం వచ్చిన పది నిమిషాల్లో వాళ్ళు లెక్క కట్టి చెబుతారు. సముద్రం అడుగున ఒత్తిడి కొలిచే యంత్రాలున్నాయి, అల నిజంగా లేచిందా లేదా అని అవి చెబుతాయి. 2012 ఏప్రిల్ 11న 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. చెన్నైలో ఆఫీసులు ఖాళీ అయిపోయినాయి. ఆ రోజు పలకలు పైకి కిందికి కాదు, పక్కకు జారినాయి, అందుకని నీళ్ళు లేవలేదు. కొన్ని గంటల్లో హెచ్చరిక వెనక్కి తీసుకున్నారు. అది సరైన పద్ధతి. తెలిసినవాడు చెప్పినాడు, తెలిసినవాడే తీసేసినాడు. మన గుంపులో పెట్టినవాడు తీసేసినాడా?

రైల్లో అపాయం గొలుసు ఉంటుంది. ఊరికే లాగితే జరిమానా, జైలు. ఎందుకు? బండి ఆలస్యమవుతుందని మాత్రమే కాదు. ఊరికే లాగేవాళ్ళు ఎక్కువైతే, నిజంగా పెట్టె అంటుకుని ఎవరో లాగిన రోజు గార్డు కూడా "ఎవడో తాగుబోతు" అనుకుంటాడు. మీరు ఏడాదికి ఆరుసార్లు "సునామీ గండం" అని పంపితే, నిజంగా ఇన్‌కాయిస్ చెప్పిన రోజు మన కాశిమేడు చుట్టం ఏమనుకుంటాడు? "మాధవరం మామయ్య పంపే సోది" అనుకుని ఫోను తిప్పేసి పడుకుంటాడు. ఆ పాపం ఎవరిది?

అగ్నిపర్వతం మనల్ని తాకదని నేను అనడం లేదు. నంద్యాల జిల్లాలో, బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అని ఊరుంది. పేరు చూడండి! ఆ జుర్రేరు లోయలో మట్టి కింద తెల్లటి బూడిద పొర ఉంది, కొన్నిచోట్ల మనిషి ఎత్తు దాటి. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా పేలినప్పుడు 2,600 కిలోమీటర్లు గాలిలో వచ్చి రాలిన బూడిద అది. ఊరివాళ్ళు దాన్ని తవ్వి అంట్లు తోమే పొడికి అమ్ముకున్నారు. కర్ణాటక ప్రొఫెసరు రవి కొరిసెట్టర్, పెట్రాగ్లియా అనే దొర తవ్వి చూస్తే, బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికినాయి, పైన కూడా ఇంచుమించు అలాంటివే దొరికినాయి. అంత బూడిద మీద పడ్డా అక్కడి మనుషులు రాయి చెక్కుకుంటూ బతికినారు. బారెన్‌ను టోబా పక్కన పెట్టడం చిచ్చుబుడ్డిని క్వారీ బాంబు పక్కన పెట్టినట్టు.

ఇక అమ్మాయి తండ్రికి, తమ్ముడూ, నీకు సూటిగా చెబుతాను. పిల్లను పంపేముందు అడగాల్సిన ప్రశ్నలున్నాయి, అడుగు. తప్పు లేదు. అండమాన్ అంతా భూకంపాల లెక్కలో ఐదో జోను. 2004లో పోర్ట్ బ్లెయిర్ నేల సుమారు ఒక మీటరు కుంగింది, సిప్పీఘాట్ వైపు పొలాలు నీళ్ళలోకి పోయినాయి. కాబట్టి వాళ్ళ ఇల్లు ఎక్కడ, పల్లంలోనా మెరకలోనా, స్తంభాలు ఎలా వేసినారు, నేల గట్టిగా ఊగితే ఎక్కడికి ఎక్కాలో వాళ్ళకు తెలుసా అని అడుగు. నేను అడిగినాను. ఇల్లు మెరక మీద ఉంది. 2004లో ఆ ఇంట్లో పదకొండు కుటుంబాలు నాలుగు రోజులు తలదాచుకున్నాయట. ఇది ఏ వీడియోలోనూ రాలేదు.

వాళ్ళు మనల్ని తిరిగి అడిగితే మన దగ్గర ఏముంది? 2015 డిసెంబరులో చెన్నై వీధుల్లో పడవలు తిరిగినాయి. ఆ ఫొటోలు చూసి "నీళ్ళలో మునిగే ఊరి పిల్ల మాకొద్దు" అని వాళ్ళు అనలేదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్‌లో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాష రాయించుకున్నారు. వాళ్ళందరికీ పెళ్ళిళ్ళు అయినాయి, పిల్లలు పుట్టినారు, ఆ కొండ 1991లోనూ 2005లోనూ మండుతూ ఉండగానే.

కమిటీకి ఒక అడుగు మాట. గుంపులో ప్రకృతి విపత్తు పేరుతో ఏదైనా పెట్టేముందు కార్యదర్శి తమ్ముడు ఇన్‌కాయిస్ పేజీ ఒకసారి చూడాలి. అక్కడ లేకపోతే పెట్టకూడదు. పెట్టినవాళ్ళు తప్పని తేలితే అదే గుంపులో, అదే సైజు అక్షరాల్లో, తప్పని రాయాలి. ఈ తీర్మానాన్ని వచ్చే ఆదివారం సమావేశంలో నేను పెడుతున్నాను. ఎవరు బలపరుస్తారో చూస్తాను.

ఆ రోజు అట్లాసు, నా రిజిస్టరు రెండూ తెస్తాను. నాయనమ్మను కూడా పిలుచుకుని రండి. అబ్బాయి వాళ్ళమ్మ వీడియో కాల్‌లో ఉంటానన్నది. పదకొండు గంటలకు మొదలు, ఆలస్యం చేయవద్దు.